పన్నెండు లక్షల పాస్‌పోర్టులు, ఒకటే గూడు

శనివారం మధ్యాహ్నం. ఆఖరి రాయి మంచు మీద వంకరగా జారిపోయి, ఓస్గుడ్ పెల్ జట్టు, రాళ్ళు జార్చే కర్లింగ్ ఆట ఆ ఏటి ఫైనల్లో ఓడిపోయింది. అతను బూట్లు మార్చుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా క్లబ్బు వెనక పార్కింగ్‌లోకి వచ్చాడు. కారు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. అంతే. సైలెన్సర్ బిగించిన తుపాకీ చప్పుడు చలికి ముసలివాళ్ళు దగ్గే దగ్గు కన్నా చిన్నది.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. ఆ క్లబ్బులో ఆటకు మంచు తీర్చే ఉద్యోగం చేసే కొరీన్ టాకబెరీ, గీకిన తుక్కు పారబోయడానికి బండి తోసుకుంటూ బయటికి వచ్చింది. కాల్చినవాడి ముఖం చూసింది. వాడూ ఆమె ముఖం చూశాడు. రెండో గుండు ఆమెదే అయ్యేది. అంతలో వృద్ధాశ్రమం బస్సొకటి మలుపు తిరిగి ఇద్దరికీ మధ్య వచ్చి ఆగింది.

పెల్ గుప్పిట్లో చిన్న కాగితం దొరికింది. నాలుగే మాటలు: అందరూ ఒకే గూట్లో ఉన్నారు.

ఆరు రోజుల తరవాత, శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి ఆ కాగితం ఒటావాలో, తొమ్మిదో శాఖ అధిపతి డెస్మండ్ క్విగ్ బల్ల మీద ఉంది. బల్లకు ఇవతల ఏజెంట్ రోజ్లిన్ టాకబెరీ కూర్చుని ఉంది. కొరీన్ ఆమె కూతురు. ఒక్కతే కూతురు.

ఫోను మోగితే ఎవరో పోయారనుకునే మనిషి రోజ్లిన్. ఇరవై ఆరేళ్ళ గూఢచారి ఉద్యోగంలో ఆ అనుమానం చాలాసార్లు నిజమైంది కూడా. పిల్లకు మంచు క్లబ్బులో ఉద్యోగం వచ్చిందంటే, మంచు గడ్డకట్టించే యంత్రంలో అమోనియా కారితే ఏమవుతుందో అని ఆమెకు వారం నిద్రపట్టలేదు. కూతురు చేత మంచు తీర్చే పద్ధతి మొత్తం రాయించి, పంపించుకుని, ఎక్కడ ప్రమాదముందో గీతలు పెట్టుకుంటూ చదివింది. అమోనియా కారలేదు. చావు పార్కింగ్‌లో నిలబడి ఉంది.

క్విగ్ చుట్టూ తిప్పి చెప్పే రకం కాదు. హంతకుడి అసలు పేరు ఎవరికీ తెలియదు. ఫైల్లో వాడు కొంగ. ఒక విదేశీ ముఠా వాడితో పని చేయిస్తోంది. సోమవారం కొరీన్ కోర్టులో నోరు విప్పితే ఆ ముఠా మొత్తం కూలుతుంది. హత్య జరిగిన సాయంత్రమే వాడు సెయింట్ అగాథ వంతెన మీదుగా నది దాటి అమెరికా వైపు వెళ్ళిపోయాడు. ఆమె నోరు మూయించడానికి ఈరోజు మూడున్నరకు అదే వంతెన మీద తిరిగి వస్తున్నాడని మధ్యలో పట్టుకున్న సంకేతం చెబుతోంది. నదిలో మంచు పలకలు విరుగుతున్నాయి కాబట్టి పడవ నడవదు, కాలినడకా కుదరదు. వంతెన ఒక్కటే దారి.

పిల్లను ఇంకో చోటికి మార్చమంది రోజ్లిన్. మూడుసార్లు మార్చారట. మూడుసార్లూ మర్నాటికల్లా ఆ ఇంటి కిటికీ ఫోటో ముఠా చేతిలో ఉంది. శాఖలోనే ఎవరో చెబుతున్నారు. ఎవరో తెలిసేలోపు సోమవారం వచ్చేస్తుంది.

"వంతెన మూసెయ్యి," అంది.

"ఏడు సంతకాలు కావాలి. ఆరు మంగళవారానికి వస్తాయి." క్విగ్ దగ్గు బిళ్ళ చప్పరించాడు. "గేటు దగ్గర నలుగురిని పెట్టాను. కానీ ఎవర్ని పట్టుకోమంటాను? మీ అమ్మాయి చెప్పిన పోలికలతో గీసిన బొమ్మ మా బావమరిదిలా కూడా ఉంది."

మిగిలింది ఒక్కటే. కొంగ ముఠా వాడేవన్నీ పోయిన పాస్‌పోర్టులే. అలా పోయినవాటి జాబితా వంతెన కంప్యూటర్లో ఉంది: పందొమ్మిది లక్షల నంబర్లు. కారు ఆగగానే యంత్రం పాస్‌పోర్టు చదివి ఆ జాబితాలో వెతుకుతుంది. ఉంటే గేటు లేవదు. అయితే రెండు నెలలుగా ఆ గేటు ఈ దేశపు దొంగ పాస్‌పోర్టు ఒక్కటి కూడా పట్టలేదు. పట్టలేదని అందరూ సంతోషించారు, నేరాలు తగ్గాయని కేకు కూడా కోశారు. అనుమానించినవాడు పెల్ ఒక్కడే. ఆ వెతికే కోడ్ రాసే గదిలో అతను పనిచేసేవాడు.

"ఒకప్పుడు నువ్వు కోడ్ రాసేదానివి కదా," అన్నాడు క్విగ్. "పెల్ కుర్చీ ఖాళీగా ఉంది. నీ పేరు మార్జరీ. తాత్కాలిక ఉద్యోగివి." అతను ఒక వినికిడి యంత్రం, ఒక దగ్గు బిళ్ళల డబ్బా ముందుకు తోశాడు. మొదటిది వంతెన దగ్గర మాటలు ఆమె చెవిలో వినిపిస్తుంది, తిరిగి మాట్లాడడం కుదరదు. రెండోదాని అడుగున, ఆ గది కంప్యూటర్ ఒప్పుకునే పెన్‌డ్రైవ్ ఉంది. రోజ్లిన్ లేస్తుంటే మళ్ళీ అన్నాడు: "ఆశ పెట్టుకోకు."

"ఎప్పుడు పెట్టుకున్నాను గనక," అంది ఆమె.

తొమ్మిదిన్నరకు, ఉన్ని స్వెట్టరులో, మెడకు తాడు కట్టిన కళ్ళజోడుతో ఆమె ఆ గదిలోకి అడుగుపెట్టింది. ఫోన్లు గుమ్మం బయటి అరలో పెట్టేశారు. ఎనిమిది మంది ఉంటారు. మార్పులు పరిశీలించి ఆమోదించే పెద్ద గోర్డ్ డూలన్, ఎర్రగా బొద్దుగా ఉంటాడు, పెల్ కర్లింగ్ జట్టుకు నాయకుడు. గోడ మీద ఫైనల్లో అతను రాయి జారుస్తున్న ఫోటో ఉంది, వెనక క్లబ్బు గడియారంతో సహా.

ఆ గదికి అధికారి ఇజోర్ వాషన్. ఆమె నడిచొస్తే కీబోర్డులు ఒక్క క్షణం ఆగేవి. నక్క బొచ్చు కాలరు, మోచేతుల దాకా ఎర్ర తోలు చేతొడుగులు, చేతిలో డోనట్ల పెట్టె. కొత్త మనిషికి మొదటిది తనే అందించింది. మార్జరీ గారు చల్లగా ఉండే మూల కూర్చోవద్దని, ఈ వయసులో కీళ్ళు పట్టేస్తాయని ఎంతో ప్రేమగా చెప్పింది.

పెల్ కాగితానికి అర్థం పదకొండింటికి దొరికింది.

కోడ్‌లో డిక్షనరీ అంటే పోస్టాఫీసులో ఉత్తరాలు వేసే గూళ్ళ బీరువా లాంటిది. ప్రతి వస్తువుకూ ఒక కీ, అంటే దాన్ని గుర్తుపట్టే పేరో నంబరో, ఉంటుంది. ఆ కీని బట్టి కంప్యూటర్ ఒక లెక్క వేసి, ఇది ఫలానా గూట్లో ఉంటుందని తేలుస్తుంది. ఆ లెక్క పేరు హ్యాష్. లెక్క సరైనదైతే గూటికి ఒకటో రెండో ఉత్తరాలు పడతాయి. చెయ్యి పెడితే దొరుకుతుంది. లక్ష ఉన్నా అంతే, కోటి ఉన్నా అంతే.

రెండు నెలల క్రితం దాకా ఇక్కడ కీ పాస్‌పోర్టు నంబరే. ఇజోర్ దాన్ని తీసేసి గొప్ప కీ ఒకటి కట్టింది. అందులో నంబరు ఉంది, పుట్టిన తేదీ ఉంది, దేశం ఉంది, చూడముచ్చటగా ఉంది. కానీ గూడు తేల్చే లెక్కలో మాత్రం దేశం పేరు ఒక్కటే పెట్టింది. ఒక దేశానికి ఒక గూడు. ఈ దేశానివి పన్నెండు లక్షల పాస్‌పోర్టులు, అన్నీ ఒకే గూట్లో. కంప్యూటర్ ఆ గుట్టను పైనుంచి కిందకు ఒక్కొక్కటే తిరగెయ్యాలి. పదకొండు సెకన్లు పడుతుంది. వంతెన గేటు నాలుగు సెకన్లే ఆగుతుంది. లారీలవాళ్ళు గోల చేశారని పెట్టిన నియమం అది: జవాబు రాకపోతే మనిషి మంచివాడే, గేటు లేపెయ్యి.

మరి పరీక్షల్లో ఎందుకు పట్టుబడలేదు? పరీక్షకు పెట్టిన జాబితాలో నలభై పేర్లు, నలభై దేశాలు. గూటికొకటి. కన్ను మూసి తెరిచేలోపు జవాబు.

ఇంత మోసాన్ని ఎలా ఆమోదించారో వెతికితే, అది రెండు వేల వరుసల మార్పులో మధ్యన ఉంది. శుక్రవారం, డోనట్ల తరవాత వచ్చిన మార్పు. కింద గోర్డ్ ఒకటే మాట రాశాడు: బాగుంది.

రోజ్లిన్ రెండు వరుసలు దిద్దింది. లెక్కలో నంబరు కూడా చేర్చింది. 11:10కి పరిశీలనకు పంపింది. చిన్న పని కదా, పది నిమిషాల్లో అయిపోతుందని మామూలు మనిషైతే అనుకునేది. ఆమె అనుకోలేదు.

మొదటి వ్యాఖ్య ఇజోర్‌దే. ఆ ఫైలు ఎవరు తాకినా ఆమెకు గంట మోగేలా ఏర్పాటుంది. కోడ్‌లో ఆ లెక్కకు పెట్టిన పేరు ఇంకాస్త స్పష్టంగా ఉండొచ్చేమో అని మర్యాదగా అడిగింది. ఇక తేనెపట్టు కదిలింది. పేరు పొడుగైందన్నాడొకడు. పొట్టిదైందన్నాడు ఇంకొకడు. ఖాళీ వదలడానికి ట్యాబ్ కొట్టాలా స్పేస్ కొట్టాలా అని ఇద్దరు పాత పగలు తవ్వుకున్నారు. దీనికి సోమవారం మీటింగు పెడదామన్నారు ఎవరో. సోమవారానికి నా పిల్ల ఉండదు అని రోజ్లిన్ రాయలేదు. రెండు గంటలకు ముప్పై ఎనిమిది వ్యాఖ్యలయ్యాయి, ఆమోదం లేదు. పెద్ద మార్పు ఎవరూ చదవరు, చిన్న మార్పును ఎవరూ వదలరు. ఆ గదిలో అది ఆచారం.

రెండున్నరకు ఇజోర్ కోటు వేసుకుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. గది ఖాళీ అయిపోయింది. శుక్రవారం మధ్యాహ్నాలు గోర్డ్ అందరినీ వెంటేసుకుని కర్లింగ్‌కు పోతాడు.

"ముప్పై ఎనిమిది వ్యాఖ్యలు," అంది ఇజోర్ జాలిగా. "నాకెప్పుడూ అన్ని రాలేదు, రోజ్లిన్ గారూ."

అసలు పేరు విన్నా రోజ్లిన్ ఉలిక్కిపడలేదు. ఇలాగే అవుతుందని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉంది.

"ఎవరికి పనిచేస్తున్నావు?"

"ఎవరు పూలు పంపితే వాళ్ళకి." ఇజోర్ చేతొడుగు వేళ్ళు ఒక్కొక్కటే సర్దుకుంది. "తుపాకీ తేలేదు, భయపడకండి. ఏం అవసరం? మీరు రాసిందాన్ని రెండో మనిషి ఆమోదించాలి. ఆ రెండో మనిషి మంచు మీద ఉన్నాడు."

"నిన్ను పట్టిస్తాను."

"ఏమని? నా కోడ్ తప్పు కాదు. నెమ్మది, అంతే. నెమ్మదిగా రాయడం నేరమైతే ఈ ఊళ్ళో సగం మంది జైల్లో ఉండాలి." లేచింది. "అమ్మాయి మంచు చాలా బాగా తీరుస్తుందటగా. ఇలాంటివి జరగకుండా ఉండాల్సింది."

విమానానికి వేళైందని ఆమె వెళ్ళిపోయింది. అత్తరు వాసన మాత్రం మిగిలింది.

రోజ్లిన్ చెవిలో వంతెన గాలి హోరుమంటోంది. కూతురు నాలుగేళ్ళప్పుడు చెరువు మంచు మీద పడి గడ్డం చీల్చుకున్నది గుర్తొచ్చింది. ఆ మచ్చ చూసి శవాన్ని గుర్తు పట్టొచ్చని కూడా, పాపం, మనసు వద్దన్నా అనుకుంది.

ఇక ఏమీ చేసేది లేకనే ఆమె పాత ఆమోదాలన్నీ పైకి కిందకు తిప్పుతూ పోయింది. అప్పుడు కంటబడింది. వెయ్యి వరుసలు దాటిన ప్రతి మార్పుకూ గోర్డ్ ఆమోదం సరిగ్గా నలభై సెకన్లకు వచ్చింది. ఎప్పుడూ నలభయ్యే. ఒకటి పోయిన శనివారం 11:52కి వచ్చింది. ఆమె తలెత్తి గోడ మీది ఫోటో చూసింది. రాయి జారుస్తున్న గోర్డ్, వెనక గడియారం: పన్నెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

మహానుభావుడు ఆమోదించే పని యంత్రానికి అప్పగించేశాడు. వెయ్యి వరుసలు దాటితే ఎలాగూ చదవడు కదా.

ఇజోర్ ఫైలు తాకితే ఆమెకు గంట మోగుతుంది. కాబట్టి రోజ్లిన్ దాని జోలికి పోలేదు. తాళం అక్కడే ఉంచి పక్క గోడకు తలుపు పెట్టినట్టు, వేరే ఫైల్లో రెండో డిక్షనరీ కట్టింది. దానికి కీ ఒట్టి నంబరు. ఎవరి పాస్‌పోర్టుకు వారిదే నంబరు, ఇంకొకరికి ఉండదు. ఒకసారి పడ్డాక మారదు. కీకి అంతకు మించిన అందం అక్కర్లేదు. గేటు ముందు దీన్నే అడగాలని రాసింది. అంతా కలిపి ఇరవై రెండు వరుసలు.

ఇంకా తొమ్మిది వందల డెబ్బై తొమ్మిది కావాలి.

పొద్దున కారులో ఆమె డబ్బా అడుగున ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి తన లాప్‌టాప్ నుంచి ఒకటే ఒకటి ఎక్కించుకుంది. పిల్ల ఏమైనా అయితే దాని రాత ఒక్కటైనా దగ్గరుండాలని. కొరీన్ రాసిన మంచు తీర్చే పద్ధతి, రెండు వేల ఒక వంద వరుసలు. రోజ్లిన్ అందులో మొదటి సగం తీసి, కంప్యూటర్ పట్టించుకోని వ్యాఖ్యలుగా కోడ్ మధ్యలో అతికించింది. బ్లేడు ఎంత వాలుగా పట్టాలి, తలుపు తెరిచి పెడితే మంచు ఎలా చెమరుస్తుంది, అన్నీ దేశ సరిహద్దు రక్షణలోకి ఎక్కాయి. 2:55కి పంపింది.

ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై.

బాగుంది, అన్నాడు గోర్డ్ డూలన్, రెండు మైళ్ళ దూరంలో రాయి జారుస్తూ.

ఆమోదం పడిన మార్పు వంతెన చేరడానికి తొమ్మిది నిమిషాలు. అసలు జాబితా అక్కడే ఉంది, ఇక్కడున్నది ఆ నలభై పేర్లే, కాబట్టి చేరాక గానీ పరీక్షించడం కుదరదు. 3:05కి ఆమె, పోయిందని తనకు తెలిసిన పాస్‌పోర్టు నంబరు ఒకటి వంతెన కంప్యూటర్‌కు కొట్టింది. రెండేళ్ళ క్రితం బస్సులో పారేసుకున్న తన సొంతదే. జవాబు రెప్పపాటులో వచ్చింది.

లేదు.

ఇంకోసారి కొట్టింది. లేదు. ఇదివరకు నెమ్మదిగా గుడ్డిదైన గేటు ఇప్పుడు వేగంగా గుడ్డిదైంది. తను వేలు పెట్టిన పని ఎప్పుడు బాగుపడింది గనక అని రోజ్లిన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చెవిలో క్విగ్ గొంతు వినబడింది: కార్లు బారు తీరాయి, రెండు వందలుంటాయి.

ఆమె వంతెన దగ్గరి జాబితా తెరిచి, పారేసుకున్న తేదీని బట్టి తన నంబరును కళ్ళతో వెతికి పట్టుకునేసరికి 3:14. ఉంది. పోయిందని రాసుకున్న గుమాస్తా అక్షరాల తరవాత ఒక ఖాళీ వదిలి అంకెలు కొట్టాడు. కిందది ఇంకో ఊరి గుమాస్తా గీత పెట్టి కొట్టాడు. ఆ కిందది చిన్న అక్షరాలతో. గేటు దగ్గర యంత్రం మాత్రం పెద్ద అక్షరాలతో, ఖాళీ లేకుండా చదువుతుంది. మనిషి కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు వేరు వేరు కీలు, వేరు వేరు గూళ్ళు. దాచేటప్పుడు ఏ రూపమో వెతికేటప్పుడూ అదే రూపం ఉండాలి. ఈ సంగతి ఒకప్పుడు తనే కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది.

ఖాళీలు, గీతలు తీసేసి అన్నీ పెద్ద అక్షరాలు చేసే వరుస ఒక్కటి రాసింది. ఒక్క వరుస. వెంట కొరీన్ రాత రెండో సగం అతికించింది. 3:17కి పంపింది. నలభై సెకన్లు. బాగుంది.

తొమ్మిది నిమిషాలు. 3:27.

3:24కి క్విగ్ గొంతు మారింది. అమెరికా వైపు మనిషి నుంచి కబురు: కొంగ ముందే బయల్దేరాడు, వంతెన ఎక్కేశాడు, ఏ కారో తెలియదు. అతని వెనక నాలుగో గేటు అధికారిణి మాటలు వినిపిస్తున్నాయి. ఒక కారు వెళ్ళింది. ఇంకొకటి వెళ్ళింది. గేటు లేచిన ప్రతిసారీ కిర్రుమంటోంది. ఆ కిర్రు రోజ్లిన్ పళ్ళ కింద పడుతోంది. 3:25కి ఒక ముసలి దంపతుల కారు ఆగింది.

"నీ సంచిలోనే పెట్టాను," అంటున్నాడు ముసలాయన.

"నా సంచిలో నీ మాత్రలున్నాయి. పాస్‌పోర్టు నీ కోటులో ఉంది."

"కోటు నువ్వే డిక్కీలో పెట్టావుగా."

అధికారిణి వాళ్ళను తొందరపెట్టబోయి మానుకుంది. ముసలాయన దిగి, డిక్కీ తెరిచి, ఊతకర్ర మంచులో పడేసుకుని, తీసుకుని, రెండు పాస్‌పోర్టులూ తెచ్చాడు. వెనక కారులోంచి హారను ఒక్కసారి, మర్యాదగా మోగింది. రోజ్లిన్ గడియారం 3:27 దాటింది. గేటు కిర్రుమంది. ముసలి దంపతులు దేశంలోకి వచ్చారు.

తరవాతి కారు. అద్దం దిగిన చప్పుడు. ఏ యాసా లేని మగ గొంతు, శుభ సాయంత్రం అంది. యంత్రం బీప్ అంది.

రోజ్లిన్ లెక్కపెట్టింది. ఒకటి.

కిర్రు వినిపించలేదు.

రెండు అనేలోపే కేకలు, తలుపు విరిగినట్టు చప్పుడు, ఎవరో మంచులో పడ్డ చప్పుడు. చాలాసేపటికి క్విగ్ ఒగురుస్తూ, కొంగ దొరికితే పలకాలని పొద్దున అనుకున్న కోడ్ మాట పలికాడు: "టీ వేడిగానే ఉంది."

ఆమె లేవబోయింది. కీళ్ళు పట్టేశాయి. ఇజోర్ అన్నట్టు అది చల్లగా ఉండే మూలే.

సోమవారం కొరీన్ కోర్టులో చెప్పవలసింది చెప్పింది. ఆ సాయంత్రమే తల్లికి ఫోను చేసింది.

"నాకు కొత్త పేరు ఇస్తారట అమ్మా. ఎక్కడో చెప్పకూడదట."

"అక్కడ అమోనియా ఉంటుందా?"

"అమ్మా."

"చెప్పొద్దులే. టోపీ పెట్టుకో."

శాఖలో సమాచారం ఇచ్చింది ఎవరో దొరకలేదు. ముఠాకు కొంగ ఒక్కడే కాదు. ఇజోర్ వాషన్ ఎక్కడికెళ్ళిందో తెలియదు గానీ, రెండు వారాల నోటీసుతో రాజీనామా పద్ధతిగా పంపింది; ఆమె లేకుండానే గదిలో కేకు కోశారు. వంతెన దగ్గర దొంగ పాస్‌పోర్టులు మళ్ళీ రోజూ పట్టుబడడంతో నేరాలు పెరిగాయని పైవాళ్ళు కంగారుపడి, ఇజోర్ కట్టిన కీనే తిరిగి పెడితే ఎలా ఉంటుందో చూడమని ఒక సంఘం వేశారు.

రోజ్లిన్ పంపిన ఆ రెండు పెద్ద మార్పులను పూర్తిగా చదివినవాడు ఒక్కడే, అదీ వారం తరవాత. మంచు మీద తుంపర్లు చల్లే నీళ్ళ వేడి తప్పుగా రాసి ఉందని, రాసినవారిని అడిగి సరిచేసేదాకా తన పేరుతో ఇంకే ఆమోదమూ పడదని గోర్డ్ డూలన్ వ్యాఖ్య పెట్టాడు. జవాబు కోసం అది ఇంకా తెరిచే ఉంది.